అగర చెరువు తూము నుంచి మన మేడ గొట్టం దాకా



వారం రోజులుగా మన గ్రూపులో ట్యాంకరు వాళ్ళ నంబర్లు అడగడం మళ్ళీ మొదలైంది. ఇంకో నెలన్నర పోతే అదే గ్రూపులో నీళ్ళలో మునిగిన స్కూటర్ల ఫోటోలు వస్తాయి. ఒకే లేఅవుట్‌లో, ఒకే ఏడాదిలో ఈ రెండూ ఎట్లా జరుగుతున్నాయని కిందటి సమావేశంలో ఒక తమ్ముడు అడిగాడు. దానికి రెండు ముక్కల్లో జవాబు లేదు. పన్నెండు వందల ఏళ్ళ వెనక్కి పోయి రావాలి. కాఫీ తెచ్చుకుని కూర్చోండి, ఈసారి కొంచెం పొడుగే.

మనం కూర్చున్న చోటు

హెచ్‌ఎస్‌ఆర్ అంటే హొసూరు-సర్జాపుర రోడ్డు. 1980లలో బీడీఏ ఈ లేఅవుట్ వేసే నాటికి ఇక్కడ ఉన్నవి అగర, జక్కసంద్ర, ఇబ్బలూరు, సోమసుందరపాళ్య లాంటి ఊళ్ళు, వాటి చెరువులు, చెరువుల కింద మడులు. బెంగళూరుకు కృష్ణ, గోదావరి లాంటి నది లేదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున గట్టు నెత్తి మీద కూర్చున్న ఊరు ఇది. ఇక్కడ పడ్డ వాన ఒకవైపు అర్కావతికి, ఇంకోవైపు దక్షిణ పినాకినికి జారిపోతుంది. పట్టుకుంటే మన నీళ్ళు, లేకుంటే లేదు. అందుకే పాతవాళ్ళు దొరికిన ప్రతి పల్లానికీ అడ్డంగా ఒక కట్ట వేశారు. ఒక చెరువు నిండితే అలుగు పారి కింద చెరువుకు పోతుంది.

మన అగర చెరువు అలుగు నీళ్ళు బెళ్ళందూరుకు, అక్కడి నుంచి వర్తూరుకు, ఆ తర్వాత దక్షిణ పినాకినికి చేరతాయి. ఆ నది హొసూరు దగ్గర కెలవరపల్లి డ్యాముకు, తర్వాత కృష్ణగిరి డ్యాముకు పోయి, చివరికి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నేను పుట్టి పెరిగింది ఆ నది పక్క ఊళ్ళోనే. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. మనం ఇక్కడ మోరీలోకి వదిలేసే నీళ్ళు మా వాళ్ళ పొలాలకు పోతాయి. ఎంత నురగతో పోతాయో పేపర్లో మీరూ చూసే ఉంటారు.

సిరిమయ్య తూములు

అగర ఊళ్ళో గంగరాజుల కాలపు కన్నడ శాసనం ఒకటి ఉంది. తొమ్మిదో శతాబ్దం నాటిది. ఇరుగమయ్య కొడుకు సిరిమయ్య అనే ఆయన రెండు చెరువులకు తూములు పెట్టించాడనీ, తూర్పు చెరువు కట్టించాడనీ, అందుకుగాను మూడు చెరువులకూ బిట్టువట్టం పొందాడనీ అందులో ఉంది. మనం రోజూ పొద్దున నడకకు పోయే చోట పదకొండు వందల ఏళ్ళకు ముందే ఒక మనిషి తూము సంగతి ఆలోచించాడన్న మాట.

ఈ బిట్టువట్టం అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చెరువు కట్టినవాడికి, బాగుచేసినవాడికి ఆ చెరువు కింది సాగులో ఇచ్చే హక్కు అది. చెరువు బాగుంటేనే ఆ భూమి పండుతుంది, పూడిపోతే అతనికీ నష్టమే. అంటే అది సన్మానం కింద ఇచ్చిన శాలువా కాదు. చెరువును ఎప్పటికీ చూసుకునే బాధ్యతను ఒక మనిషికి ముడివేసిన పద్ధతి.

మన తెలుగు సీమలో, ముఖ్యంగా రాయలసీమలో, ఇదే పద్ధతికి దశబంధం అని పేరు. సప్తసంతానాలని మన పెద్దలు లెక్కపెట్టిన వాటిలో కొడుకుతో సమానంగా చెరువును కూడా చేర్చారు. ఇక తెలుగు నేల మీది చెరువు శాసనాల్లో పేరుమోసింది కడప జిల్లా పోరుమామిళ్ళది. 1369లో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని అందులో రాసి ఉంది. అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని పట్టిక కూడా ఇచ్చారు.

ఆ పన్నెండు అంగాల్లో నీటి శాస్త్రం తెలిసినవాడు ఒకటి, కట్టడం పని తెలిసిన మనుషుల బృందం ఇంకొకటి. అంటే రాజు డబ్బు ఒక్కటే చాలదు. ఆరు దోషాల్లో ఒకటి చదివినప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదట. ఉంటే ఇద్దరూ పట్టించుకోరు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆఫీసులో ఫైళ్ళు మోసినవాణ్ణి, ఒక ఫైలు రెండు శాఖల మధ్య పడితే ఏమవుతుందో నాకు వేరే చెప్పాలా? మన లేఅవుట్‌లో వాన నీళ్ళ కాలువ ఒకరిది, మురుగు గొట్టం ఇంకొకరిది, చెరువు మరొకరిది. 1369 నాటి దోషం మన దగ్గర ఇంకా బతికే ఉంది.

ఊరి చెరువుకు నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలి, కట్టలో ఎక్కడ ఎలుక బొరియ పడింది అన్నీ అతను చూడాలి. కన్నడంలోనూ ఇదే మాట. కోతలప్పుడు ప్రతి ఇంటి నుంచీ అతనికి ఇంత ధాన్యం అని ముట్టేది. కట్టించిన రాజుల పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి. చెరువులను నిలబెట్టింది మాత్రం పేరు లేని ఈ నీరుగంటి.

చూరు కింద గంగాళం

ఇది ఊరి సంగతి. మరి ఇంటి సంగతి?

గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు చూసినవాళ్ళకు తెలుసు. నాలుగు వైపుల కప్పులూ లోపలి వాకిలి వైపు వాలి ఉంటాయి. వాన పడితే నాలుగు మూలల నుంచీ ధార మండువాలోకి దిగుతుంది. అక్కడ గంగాళాలు పెట్టి పట్టుకునేవాళ్ళు. చెట్టినాడు ఇళ్ళలోనూ ఇట్లాంటి నడిమి వాకిలే. మా వైపు అంత పెద్ద ఇళ్ళు లేవు, పెంకుటిళ్ళే. చూరు కింద రేకు దోనె కట్టి, దాని కొసన కాగు పెట్టేవాళ్ళు. బావి నీళ్ళు ఉప్పగా ఉండే కోస్తా ఊళ్ళలో నాలుగు గుంజలకు తెల్ల గుడ్డ కట్టి, నడుమ ఒక రాయి వేసి, కింద బిందె పెట్టి వాన పట్టేవాళ్ళు.

ఇందులో రెండు నియమాలు మన ముసలమ్మలకు కంఠతా వచ్చు. మొదటిది, మొదటి వాన పట్టకూడదు. కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్టలు, ఆకులు అన్నీ ఆ వానతో కొట్టుకుపోవాలి. ఇవాళ ఇంజనీరు వచ్చి, మొదటి నీళ్ళు బయటికి వదిలే వాల్వు పెట్టాలని బొమ్మ గీసి చూపిస్తాడు. అది ఇదే. రెండోది, వాన నీళ్ళు పప్పుకు దాచాలి. లోతు బోరు నీళ్ళలో సున్నం పాలు ఎక్కువ, కందిపప్పు ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటుంది, సబ్బు నురగ రాదు. వాన నీళ్ళలో పప్పు మెత్తగా వెన్నలా ఉడుకుతుంది.

ఈ తేడా రైల్వే వాళ్ళకూ తెలుసు. ఆవిరి ఇంజన్ల కాలంలో స్టేషన్లో బొగ్గు కంటే నీళ్ళ దిగులే ఎక్కువ. గట్టి నీళ్ళు పోస్తే బాయిలరు గొట్టాల లోపల పొలుసు కడుతుంది, బొగ్గు ఎక్కువ తాగుతుంది, మాటిమాటికి షెడ్డులో పెట్టి కడగాలి. అందుకే నీళ్ళను మెత్తపరిచే ప్లాంట్లే పెట్టారు. ఇప్పుడు మన ఇళ్ళలో గీజరు కాయిలు ఏడాదికొకసారి మారుస్తున్నాం కదా, అదే రోగం.

నా తమిళ చదువు నుంచి ఒక్క మాట. తిరుక్కురళ్‌లో మొదటి అధ్యాయం దేవుడి మీద. రెండోదే వాన గొప్పతనం మీద. తల్లిదండ్రులు, గురువు, రాజు అందరూ దాని తర్వాతే. ఆ వరుస ఎందుకో చిన్నప్పుడు అర్థం కాలేదు. బెంగళూరులో కాపురం పెట్టాక అర్థమైంది.

గొట్టం వచ్చింది, చెరువు పోయింది

1537లో కెంపేగౌడ బెంగళూరు కోట కట్టినప్పుడు కోటతో పాటే చెరువులూ వచ్చాయి. ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి అన్నీ ఆ వంశం వాళ్ళు ఏర్పాటు చేసినవే. మైసూరు రాజ్యమంతా చెరువుల అల్లిక ఎంత దట్టంగా ఉండేదంటే, కొత్త చెరువు కట్టడానికి చోటు వెదకడమే కష్టమన్న అర్థం వచ్చేలా 1860లలో రిచర్డ్ సాంకీ అనే చీఫ్ ఇంజనీరు రాశాడు. 1882లో మల్లేశ్వరం దగ్గర కట్టిన సాంకీ చెరువు ఆయన పేరు మీదిదే.

1894లో హెసరఘట్ట నుంచి గొట్టాల్లో నీళ్ళు వచ్చాయి. 1933లో తిప్పగొండనహళ్ళి. 1964లో నీటి బోర్డు ఏర్పడింది. 1974లో కావేరి మొదటి దశ. 2024 అక్టోబరులో అయిదో దశ. కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు, మూడుచోట్ల పంపులు తోస్తే మన సంపులోకి వస్తున్నాయి. మేడ మీద పడే వానకు పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. అది మన నెత్తి మీదికే వచ్చి దిగుతుంది.

గొట్టంలో నీళ్ళు రావడం మొదలయ్యాక చెరువుతో పని ఎవరికీ లేకపోయింది. పని లేని చోట కాపలా ఉండదు. ధర్మాంబుధి ఇవాళ మెజెస్టిక్ బస్టాండు. సంపంగి చెరువులో కంఠీరవ స్టేడియం. నీరుగంటి ఉద్యోగం ఎవరూ రద్దు చేయలేదు. అతనికి ధాన్యం కొలిచేవాళ్ళు లేక అదే పోయింది.

గొట్టం చాలని చోటికి బోరు వచ్చింది. చెరువు ఊరందరిది, గొట్టం సర్కారుది, బోరు ఎవరిది వాళ్ళది. పక్కింటాయన 600 అడుగులు వేస్తే నేను 800, నన్ను చూసి ఎదురింటాయన 1,000. అందరం తోడేది ఒకే భూమి నుంచి, తిరిగి పోసేవాళ్ళు లేరు. 2024 వేసవిలో నగరంలోని దాదాపు 14,000 సర్కారు బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. దానికి ఏడాదిన్నర ముందు, 2022 సెప్టెంబరు 4 రాత్రి, ఒక్క రాత్రిలో 130 మిల్లీమీటర్లకు పైగా వాన పడి, ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాక్టర్లు తిరిగాయి. తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. కరువూ వరదా వేరువేరు జబ్బులు కావు. పడ్డ నీళ్ళను నిలబెట్టేవాళ్ళు లేకపోతే ముందు అది వస్తుంది, వెనక ఇది వస్తుంది.

చట్టం చేసింది, చేయలేనిది

వాన నీళ్ళు పట్టే పని మళ్ళీ ఇంటి దాకా వచ్చింది చట్టం రూపంలో. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో నీరు-మీరు కార్యక్రమం, 2002లో వాల్టా చట్టం. ఇంకుడు గుంత అన్న మాట అప్పుడే ఇంటింటికీ చేరింది. తమిళనాడులో 2003లో అన్ని భవనాలకూ తప్పనిసరి చేశారు. కర్ణాటకలో 2009లో నీటి బోర్డు చట్టాన్ని సవరించి, 60×40 సైటు, ఆపైన ఉన్న పాత ఇళ్ళకు, 30×40, ఆపైన కట్టే కొత్త ఇళ్ళకు వాన నీటి ఏర్పాటు ఉండి తీరాలన్నారు. జయనగరలో విశ్వేశ్వరయ్య పేరు మీద దీనికోసమే ఒక ప్రదర్శన వనం ఉంది. మనవళ్ళను తీసుకుని ఒక పూట పోయి రండి.

చట్టానికి చాలా ముందే ఒకాయన చేసి చూపించాడు. ఐఐఎస్‌సీ ఆవరణలో ఉన్న రాష్ట్ర సైన్స్ టెక్నాలజీ మండలి శాస్త్రవేత్త ఏ.ఆర్. శివకుమార్ 1990ల మధ్యలో విజయనగరలో సౌరభ అనే ఇల్లు కట్టుకుని, నీటి బోర్డు కనెక్షనే తీసుకోలేదు. వందేళ్ళ వాన లెక్కలు ముందు పెట్టుకుని, మంచి వానకూ మంచి వానకూ మధ్య ఎక్కువలో ఎక్కువ దాదాపు వంద రోజుల ఎడం వస్తుందని చూశాడు. ఆ వంద రోజులకు తన కుటుంబానికి ఎంత కావాలో లెక్కగట్టి, సుమారు 45,000 లీటర్ల నిల్వ పెట్టుకున్నాడు. మిగిలింది భూమికి. ఇది మంత్రం కాదు, పద్దు. జమ ఎంత, ఖర్చు ఎంత, నిల్వ ఎంత.

అదే పద్దు మన ఇళ్ళకు వేద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. బెంగళూరులో ఏడాదికి సగటున దాదాపు 970 మిల్లీమీటర్లు. మేడ 100 చదరపు మీటర్లు అనుకుంటే 97,000 లీటర్లు. మొదటి వానకు, ఆవిరికి, తడి ఆరడానికి అయిదో వంతు తీసేయండి. 77,000 మిగులుతుంది. 6,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండుకు పైనే. ఇంట్లో నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన 142 రోజుల వాడకం. మన ఒక్క మేడ మీద, ఊరికే.

అయితే చట్టం గుంత తవ్వించగలదు గానీ ఏటా దాన్ని శుభ్రం చేయించలేదు. దీనికి చెన్నపట్నమే సాక్ష్యం. తప్పనిసరి చేసిన కొత్తలో అక్కడ బావుల్లో నీళ్ళు బాగా పైకి వచ్చాయి. ఆ తర్వాత చాలా ఇళ్ళలో గుంతలు పూడిపోయాయి, గొట్టాలు విరిగాయి, అడిగేవాళ్ళు లేరు. 2019 వేసవికి నగరానికి నీళ్ళిచ్చే చెరువులు ఎండాయి. ఆ జూలైలో మా జోలార్‌పేట నుంచి చెన్నైకి రైల్లో నీళ్ళు పంపారు. 50 వ్యాగన్లు, ఒక్కో దాంట్లో 50,000 లీటర్లు, ఒక ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. టీవీలో అందరూ చూశారు, పూలదండలు వేసి మరీ పంపించారు.

నేను రైల్వే మనిషిని కాబట్టి ఆ రైలు లెక్క ఇంకోరకంగా వేశాను. 100 చదరపు మీటర్ల మేడలు వెయ్యి తీసుకోండి. వాటి మీద 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం వాన పడితే ఎంత? సరిగ్గా 25 లక్షల లీటర్లు. ఇంజను, డ్రైవరు, సిగ్నలు, రెండు వందల కిలోమీటర్ల పట్టాలు ఏవీ లేకుండా ఒక రైలెడు నీళ్ళు. మన లేఅవుట్‌లో వెయ్యి మేడలు లేవా? అంగుళం వాన ఏడాదికి ఎన్నిసార్లు పడుతుందో మీకే తెలుసు. ప్రతిసారీ ఒక రైలు వచ్చి, మన ఇంటి ముందు ఆగి, దించుకునేవాళ్ళు లేక బెళ్ళందూరుకు పోతోంది.

బావిలోంచి తెలుగు

ఇప్పుడు మన సంఘం వాళ్ళు తప్పక తెలుసుకోవలసిన సంగతికి వస్తాను.

పోరుమామిళ్ళ శాసనంలో "పని తెలిసిన బృందం" అన్నారే, దక్కనులో తరతరాలుగా ఆ పని ఎక్కువగా చేసింది ఒడ్డెరలు. రాతి పని చేసేవాళ్ళు కల్లు ఒడ్డెలు, మట్టి పని చేసేవాళ్ళు మన్ను ఒడ్డెలు. కర్ణాటకలో భోవి అంటారు. సొన్నలిగెలో, అంటే నేటి షోలాపూరులో, పన్నెండో శతాబ్దంలో చెరువు తవ్వించిన శరణుడు సిద్ధరామేశ్వరుణ్ణి వీళ్ళు గురువుగా కొలుస్తారు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద వేసిన పుస్తకాల్లో, వీళ్ళ భాష తెలుగు అనీ, బావి తవ్వడంలో, చెరువు కట్ట వేయడంలో వీళ్ళకు సాటి లేరనీ ఉంది. తమిళ దేశంలో ఉన్నా, కన్నడ దేశంలో ఉన్నా ఇంటి భాష తెలుగే. ఈ విషయంలో వాళ్ళూ మనమూ ఒకటే.

రైలు మార్గాలు వేసిందీ వీళ్ళే. కట్ట పక్కన పొడుగునా కనిపించే గుంటలు కట్ట కోసం మట్టి తీసిన చోట్లు. ఎంత లోతు తవ్వారో కొలవడానికి నడుమ నడుమ తవ్వని దిమ్మెలు వదిలేవాళ్ళు. ఆ దిమ్మె ఎత్తును బట్టి కూలి. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా జీతం తీసుకున్న రైల్వేకు కింద మట్టి మోసింది వీళ్ళ తాతలు.

ఆ మన్ను ఒడ్డెల వంశస్థులు మనకు దగ్గర్లోనే, సర్జాపుర వైపు భోవిపాళ్యలో ఉన్నారు. బోర్లు వచ్చాక బావి తవ్వించేవాళ్ళు లేక వాళ్ళ పని పడిపోయింది. గత పదేళ్ళ పైచిలుకుగా మళ్ళీ లేచింది. బెంగళూరుకు పది లక్షల ఇంకుడు బావులు కావాలని ఎస్. విశ్వనాథ్, బయోమ్ సంస్థ వాళ్ళు ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. ఆ తవ్వకాలు వీళ్ళవే. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావులను మళ్ళీ తెరిచి నీళ్ళు చూపించిందీ వీళ్ళే. సర్జాపుర రోడ్డు మీద రెయిన్‌బో డ్రైవ్ అనే కాలనీకి కావేరి నీళ్ళు లేని రోజుల్లో, ఇంటింటికీ ఇంకుడు బావి, ఎక్కువ వాడితే ఎక్కువ రేటు అన్న రెండు కట్టుబాట్లతో వాళ్ళు నిలదొక్కుకున్నారు.

మా వీధిలో ఒక ఇంట్లో ఇంకుడు బావి తవ్వుతుంటే నేను పోయి నిలబడ్డాను. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు. ఒక మనిషి లోపల, ఇద్దరు పైన. లోపలి మనిషి పొట్టి పిడి గునపంతో తవ్వి తట్టకు ఎత్తుతున్నాడు. ఎన్ని అడుగులు పోవాలని నేను కన్నడంలో అడిగితే, కింది నుంచి తెలుగులో జవాబొచ్చింది.

"అడుగుల లెక్క కాదు సామీ. ఈ ఎర్రమన్ను నీళ్ళు తాగదు. కింద మొరం తగలాల. మొరం తగిల్తే అది ఎంత పోసినా తాగుతాది."

భూమి లోపల ఏముందో తెలుసుకోవడానికి ఆయన ఏ యంత్రమూ వాడలేదు. గునపం చప్పుడు, చేతికి తగిలే తడి, అంతే. మధ్యాహ్నం దాటాక మొరం తగిలింది. సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దించారు, వరలకూ మట్టికీ మధ్య సందులో కంకర నింపారు, అడుగున మాత్రం సిమెంటు వేయలేదు. అడుగు మూసేస్తే అది సంపు అవుతుంది గానీ ఇంకుడు బావి కాదు. ఆ బావిలో ఒక విడతకు 4,000 లీటర్లు పడతాయి. వెయ్యి ఇళ్ళలో ఉంటే 40 లక్షల లీటర్లు రోడ్డు మీదికి రాకుండా ఆగుతాయి, ఇంకే కొద్దీ మళ్ళీ చోటు ఉంటుంది.

పోయేముందు ఆయన ఇంటివాళ్ళకు చెప్పిన మాట నాకు ముఖ్యమనిపించింది. "ఏటా మృగశిరకు ముందర పిలిస్తే వచ్చి పూడిక తీసిపోతాం. పిలవకపోతే మూడేండ్లకు ఇది చెత్తకుండీ."

మనం చేయవలసింది

అగర శాసనం, దశబంధం, నీరుగంటి, చెన్నపట్నం, ఈ ఒడ్డె ఆయన, అందరూ చెప్పేది ఒకటే. తవ్వడం ఒక రోజు పని. చూసుకోవడం ఏటేటా పని. రెండోదానికి మనిషినీ కూలినీ ఏర్పాటు చేసిన చోట నీళ్ళు నిలిచాయి. ఏర్పాటు చేయని చోట రాజు తవ్వించినా, చట్టం తవ్వించినా పూడిపోయింది. మన సభ్యుల ఇళ్ళలో చాలావాటికి 2009 చట్టం పుణ్యమా అని ఏదో ఒక ఏర్పాటు ఉంది. మూత ఎత్తి చూసి ఎన్నాళ్ళయిందో ఎవరికి వారు ఆలోచించుకోండి.

కాబట్టి వచ్చే ఆదివారం కమిటీ ముందు నేనొక ప్రతిపాదన పెడుతున్నాను. మన సంఘం తరఫున ప్రతి వీధికీ ఒక నీరుగంటిని పెట్టుకుందాం. పదవి కాదు, పని. ఏటా మే నెలలో ఆ వీధిలోని మన సభ్యుల ఇళ్ళకు పోయి, మేడ ఊడ్చారా, గొట్టం మూతికి జాలీ ఉందా, వడపోత తొట్టిలో కంకర, ఇసుక కడిగారా, మొదటి వాన బయటికి వదిలే వాల్వు తిరుగుతోందా, ఇంకుడు బావి ముందరి మట్టి తొట్టి ఖాళీ చేశారా అని చూసి రాసుకోవాలి. రిజిస్టరు నేను తయారుచేసి ఇస్తాను, ఆ పని నాకు బాగా వచ్చు. పూడిక తీయడానికి భోవిపాళ్య వాళ్ళకు అందరి ఇళ్ళకూ కలిపి ఒకేసారి పని ఇద్దాం. ఒక్కొక్కరం పిలిచి, నిలబెట్టి బేరమాడడం వద్దు. సిరిమయ్యకు బిట్టువట్టం ఇచ్చిన నేల ఇది. పని తెలిసినవాడి కూలి దగ్గర పిసినారితనం మనకు తగదు. మూసి ఉన్న పాత బావిలోకి మనిషిని దించేముందు గాలి పరీక్ష, నడుముకు తాడు తప్పనిసరి. అది కూడా రిజిస్టరులో ఉంటుంది.

మూడు విషయాలు ఇప్పుడే చెబుతాను, ఆదివారం దాకా ఆగనక్కర్లేదు. మేడ గొట్టాన్ని మురుగు గొట్టానికి కలిపినవాళ్ళు దయచేసి విడదీయండి. పెద్ద వానకు పల్లంలో ఉన్నవాళ్ళ మరుగుదొడ్లలోకి మురుగు ఎదురు తన్నేది అందుకే. కారు కడిగిన నీళ్ళు, బట్టల నీళ్ళు ఇంకుడు బావిలోకి పోనివ్వకండి. దాంట్లోకి మేడ నీళ్ళే పోవాలి, ఎందుకంటే అవి రేపు మళ్ళీ మన నోట్లోకే వస్తాయి. పట్టిన వాన నీళ్ళు తాగాలనుకునేవాళ్ళు ఒకసారి పరీక్ష చేయించుకుని, కాచుకుని తాగండి. పప్పుకైతే ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళు, "మాకు సొంత మేడ లేదు కదా అన్నా" అంటారు. మీ మేడ నలభై ఇళ్ళదీ కలిపి ఒకటి, ఇంకా సులువు. మీ సంఘం సమావేశంలో ఎవరో ఒకరు లేచి ఈ మాట అడగాలి. అది మన తెలుగువాళ్ళే ఎందుకు కాకూడదు?

మృగశిర కార్తెకు ఇంకా అయిదు వారాలుంది. ఆదివారం పొద్దున పదింటికి కలుద్దాం. వచ్చేముందు మీ ఇంటి వాన గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒకసారి చూసి రండి. తెలియకపోతే ఇంట్లో ఆడవాళ్ళను అడగండి, వాళ్ళకు తెలిసే ఉంటుంది.

ఉంటాను.